తెరిచి ఉన్న కార్డు

గోడకు వేలు దూరేంత రంధ్రం. అందులోంచి నల్లటి వైరు. వైరు చుట్టూ ఎలుకలు రాకుండా కుక్కిన చీర పేలిక.

పేలిక అండాలుది. కుక్కింది కూడా ఆమే.

వైరుకు ఇవతల ముందు గదిలో ఒక కంప్యూటరు, అవతల లోపలి గదిలో ఒకటి. రామన్నపేటలో పెళ్లి కార్డులు, దినాల కార్డులు, దరఖాస్తులు చాలావరకు ఈ ఇంట్లోనే టైపయ్యేవి. టైపు చేసినవన్నీ లోపలి దాంట్లో ఉండేవి. దాని ముందు అండాలు కూర్చునేది. ముందు గదిలో ఆమె భర్త కాటమయ్య గిరాకీ చూసుకునేవాడు.

ఆమె పోయి ఎనిమిది నెలలు.

లోపలి కుర్చీలో మళ్లీ ఎవరూ కూర్చోలేదు. కాటమయ్య రోజూ గడపలోంచే చెయ్యి చాపి స్విచ్చి వేసేవాడు. పాత కార్డు ఏది కావాలన్నా వైరు మీదుగా ముందు గదిలోనే తెరుచుకునేవాడు.

ఈ మధ్య లోపలిది మూలగడం మొదలుపెట్టింది. నల్లగొండ నుంచి కంప్యూటర్లు బాగుచేసే రజాక్ కొత్త పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

"గీ ముసల్దానికి ఇగ సెలవియ్యి కాకా. అది నడుస్తలేదు, దేక్కుంట పోతాంది."

పాతదాన్ని అండాలు తమ్ముడు ఐలేశం అడిగాడు. అక్క చేతులు పెట్టిన పెట్టె, నాకే కావాలన్నాడు. సాయంత్రం ఆటో తీసుకొస్తానన్నాడు.

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. రజాక్ ముందు గదిలో కూర్చుని పాతదాంట్లోవి కొత్తదాంట్లోకి ఎక్కించసాగాడు. నాలుగు వందల పైచిలుకు ఫైళ్లు ఎక్కాయి.

ఒకటి ఆగింది.

రజాక్ దాన్ని తెరిచాడు. చదివి, కాటమయ్యకు కనిపించేలా కుర్చీ పక్కకు జరిపాడు.

దినాల కార్డు. పోయినవారి పేరు దగ్గర అండాలు అని ఉంది. పదకొండో దినం గురువారం అని ఉంది. దినాలు ఆ గురువారమే అయ్యాయి.

కానీ ఆ కార్డులు ఐలేశం నల్లగొండలో కొట్టించాడు. ఈ ఇంట్లో ఎవరూ కొట్టలేదు.

ఎప్పటిదని కాటమయ్య అడిగాడు.

"చిన్నమ్మ పోయిన దినానిదే. పొద్దుగాల పదిన్నరకు."

పన్నెండింటికి ఆమె పోయింది.

కింద, పిలిచేవాళ్ల దగ్గర ఒక్క పేరే ఉంది. తమ్ముడు ఐలేశం.

"నీ పేరు మర్చిపోయిందేమో కాకా," అన్నాడు రజాక్.



ఆ ఇంట్లో కార్డు కొట్టే పద్ధతి ఒకటే. అంతకుముందు పోయినవాడి కార్డు తెరవాలి. పేరు మార్చాలి, తేదీ మార్చాలి, పిలిచేవాళ్లను మార్చాలి. మిగతా దుఃఖం అందరిదీ ఒకటే.

ఒకసారి లింగయ్య దినాలకు అండాలు పిలిచేవాళ్లను మార్చడం మరిచింది. ఎవరి కొడుకులో ఎవరి తండ్రి దినాలకో పిలిచినట్టు అచ్చయింది. కాటమయ్య గిరాకీల ముందే ఆ కట్టను ఆమె మొహాన కొట్టాడు.

అప్పటినుంచి ఆమె తెర మీద వేలు పెట్టి, వరుస వరుసా మూడుసార్లు చదివేది. మళ్లీ ఒక్క తప్పు లేదు.

ఆమె తనతో నొప్పని ఒక్క మాటైనా అనలేదని కాటమయ్య కాష్ఠం దగ్గర ఐలేశంతో చెప్పాడు. ఐలేశం నమ్మాడు.

ఆమె ఆ పొద్దున రెండుసార్లు చెప్పింది. ఓటర్ల జాబితా కానిచ్చి పండుకో అన్నాడు.

సాయంత్రం ఈ పెట్టె, అందులోని ఆ కార్డు, ఐలేశం ఇంటికి పోతాయి.

కాటమయ్య రజాక్‌ను లేపి తాను కూర్చున్నాడు. ఐలేశం పేరుకు పైన, భర్త కాటమయ్య అని ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు. సేవ్ చెయ్యబోయాడు. తెర మీద ఇంగ్లిషులో ఒక ముక్క వచ్చింది.

"మార్చనిస్తలేదు," అన్నాడు రజాక్. "గీ కార్డును వేరేటోళ్లు వాడుతున్నరంటాంది."

"ఎవరు?"

రజాక్ తెరకేసి చూసి, వేలు పెట్టకుండా చదివాడు. "అండాలు."

తుడిచెయ్యమన్నాడు కాటమయ్య. తుడవనివ్వలేదు. రజాక్ లోపలికి పోయి పాత పెట్టెను ఆర్పాడు. కాసేపాగి వేశాడు. మళ్లీ అదే ముక్క, అదే పేరు.

"తెరిచినోళ్లు మూయకుంట లేస్తే గిట్లయితది కాకా. వాళ్లింక గాడనే కూసున్నరనుకుంటది మిషను." లోపలి గది వైపు చెయ్యి చూపించాడు. "గా కుర్చీల కూసోని, చిన్నమ్మ లెక్కనే లోపటికి పోయి మూసెయ్యాలె. నేను కూసోను. నువ్వే కూసో."

సాయంత్రపు అసర్ నమాజుకు పోయొస్తానని చెప్పి, సంచీ అక్కడే వదిలి రజాక్ వెళ్లిపోయాడు.

కాటమయ్య గడప దాకా వచ్చాడు.

ఆమె పోయిన రోజు ఓటర్ల జాబితా కోసం ముందు గదిలోంచి కేక వేశాడు. అయిందా అని ఒకసారి. అయిందా అని ఇంకోసారి. మూడోసారి తిట్టాడు. నాలుగోసారి లేచి వచ్చి చూస్తే ఆమె తల మీటల మీద ఉంది.

లోపల పాత పెట్టె మూలుగుతోంది. కుర్చీ మీద ఎనిమిది నెలల దుమ్ము. కూర్చునే చోట మాత్రం లేదు.

వీధి మలుపులో ఆటో చప్పుడు వినిపించింది.

కాటమయ్య ఈసారి కేక వేయలేదు.

"అండాలూ," అన్నాడు మెల్లగా, "అయిందా?"

ఆమె చెప్పేదాకా ఉందామని గడపలోనే కూర్చున్నాడు.