ఉప్పిట్టు లేని పెళ్లిచూపులు

“రవ్వ డబ్బా యాడ పెట్టినావు?” వంటింటి గడపలో నిలబడి అరిచాడు తిమ్మన్న.

“రవ్వ కోళ్లకు ఏసినా మామా. తింటాండాయి చూడు,” అంది నయన, వెనక్కి తిరగనైనా తిరక్కుండా.

పొయ్యి మీద రెండు పలకల ఇనుప పెనం ఉంది. తుమకూరు హాస్టల్లో స్నేహితురాలిని అడిగి తెచ్చుకుంది. నానబెట్టి రుబ్బిన కొర్రల పిండిలో రాగిపిండి, శనక్కాయల పొడి, బాగా మాగిన అరటిపండు కలిపింది. పలకలకు నూనె పూసి, గరిటెడు పిండి పోసి, పై పలక మూసింది. చుయ్యిమని ఆవిరి లేచింది.

అవ్వ వెంకటక్క దగ్గరికొచ్చి తొంగి చూసింది. “ఇదేందే, సోలారు పలకల మాదిరి గళ్లు గళ్లుగా ఉండాది?”

“వాఫుల్ అంటారవ్వా. గోధుమ లేకుండా చేసినా.”

“చూపులకు వచ్చినోళ్లకు ఉప్పిట్టు పెడతారు గానీ, ఈ గళ్ల అట్టు ఎవురన్నా పెడతారా?”

“ఉప్పిట్టు పెడితే పెండ్లికూతురు తినేదెట్లవ్వా?”

గొడవంతా ఆ రవ్వ ఉప్మా గురించే. పెళ్లికూతురు కావేరికి గోధుమ పడదు. రవ్వ అయినా, మైదా అయినా, ఇంత నోట్లో పడితే చాలు, కడుపు పట్టేసి మంచం దిగదు. ఇది తగ్గే జబ్బు కాదని, జన్మంతా గోధుమకు దూరంగా ఉండాలని బెంగళూరు డాక్టరు చెప్పాడు. ఆ సంగతి మగపెళ్లివారికి చెప్పలేదు తిమ్మన్న. నయన నాన్న పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కు ఆయనే. వచ్చినవాళ్లతో పాటు పెళ్లికూతురూ పళ్లెం పట్టుకుని కూర్చోవడం అక్కడి పద్ధతి. పళ్లెం ముట్టకపోతే సంబంధం ఇష్టం లేదని అర్థం.

“వాళ్లెదురుగా ఒక్క పిడికెడు మింగితే సాలు,” అన్నాడు తిమ్మన్న. “పెండ్లి అయినాక మెల్లగా చెప్పుకుందాం.”

“అప్పుడు చెప్తే మోసం అంటారు మామా. మాటలు పడేది నువ్వు కాదు.”

“పెద్దోళ్ల మాటల్లో నీకేం పని? అసలు నువ్వొచ్చిందే తప్పు. రావద్దని ఫోన్ చేసి మరీ చెప్పినా కదా? వాళ్లు పొయ్యేదాకా వంటింట్లో నుంచి అడుగు బయట పెట్టొద్దు. నిన్ను చూస్తే ఈ సంబంధం చెడిపోతాది!”

పెళ్లిచూపుల రోజు ఇంట్లో వయసు పిల్లను దాచిపెట్టడం ఆ ఊళ్లో కొత్తేం కాదు. పక్కింటి అక్షతను కూడా వాళ్ల అక్క చూపులప్పుడు మేకల వెంట కొండకు తోలేశారు.

లోపలి గదిలో కావేరి తల దించుకుని కూర్చుంది. చేతి నిండా వేసిన కొత్త గాజులను మాటిమాటికీ వెనక్కి తోసుకుంటోంది. “పోనీలే నయనా, ఒక్క పిడికెడే కదా,” అంది.

“ఒక్క మెతుకు గూడా తినేది లేదు!” నయనకు కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. మండుటెండలో సోలారు పార్కులో పలకలు కడిగి తనను చదివిస్తున్న మనిషి, ఎవరో మెచ్చుకోవాలని విషం మింగాలా?

వై.ఎన్.హొసకోట నుంచి మగపెళ్లివాళ్లు రానే వచ్చారు. పెళ్లికొడుకు హనుమేశ్ సబ్‌స్టేషన్‌లో పనిచేస్తాడు, మాట నెమ్మది. ఆ నెమ్మదికి సరిపడా నోరు అతని అక్క అంజినమ్మకుంది.

తిమ్మన్న గుడ్లురుముతుండగానే నయన పళ్లేలు పట్టుకుని నడింట్లోకి వచ్చేసింది.

“ఇదేమప్పా, ఉప్పిట్టు లేదా?” అంది అంజినమ్మ.

“ఇదంతా ఇప్పటి ఫ్యాషన్ అక్కా. బెంగళూరు టిఫిను,” అని ఇకిలించాడు తిమ్మన్న.

“ఫ్యాషన్ కాదు.” నయన వెళ్లి కావేరి భుజం మీద చెయ్యేసింది. “ఈమె ఒంటికి గోధుమ పడదు. ఈరోజే కాదు, ఎప్పటికీ పడదు. మీ ఇంట్లో వేరే గిన్నె, వేరే పెనం పెట్టాల. ఒప్పుకుంటే మాట్లాడండి. లేదంటే ఇది తిని, నీళ్లు తాగి పోండి.”

తిమ్మన్న మొహం మాడిపోయింది. హనుమేశ్ మాత్రం ఒక ముక్క తుంచి, పక్కన పోసిన బెల్లం పాకంలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు.

“బాగుండాది. మనమూ రెండు పూటలా రాగిముద్ద తినేటోళ్లమే కదక్కా?”

“పండగకు ఒబ్బట్లు తప్ప మనింట్లో మైదా యాడ ఉండాది?” అంది అంజినమ్మ. “పెనం ఇంకోటి తెచ్చుకుంటే పోలా? దానికింత బెదిరిస్తాది ఏందప్పా ఈ పిల్ల!”

కావేరి మొదటిసారి తలెత్తింది. పళ్లెం అందుకుని, అందరి ఎదుటా కడుపునిండా తింది.

అంజినమ్మ నయనను ఎగాదిగా చూసింది. “ఇంతకీ నువ్వేమవుతావే కావేరికి? చెల్లెలివా?”

“అవునక్కా, మా చిన్నాయన బిడ్డ. చెల్లెలే,” అని తిమ్మన్న ముందే అందుకున్నాడు. లోపలికి పొమ్మని నయనకు సైగ చేశాడు.

నయన అక్కడే నిలబడింది. హనుమేశ్ మంచివాడిలా ఉన్నాడు. ఈ పెళ్లి కావాలని అందరికంటే ఎక్కువగా కోరుకుంటున్నది తనే. ఊరుకుంటే ఇప్పుడే తాంబూలాలు కూడా మార్చుకుంటారు. ఆమె కావేరి వైపు చూసింది. కావేరి పళ్లెం కింద పెట్టి, నయన చెయ్యి గట్టిగా పట్టుకుని, చెప్పమన్నట్టు తలూపింది.

“కూతుర్ని,” అంది నయన.