ఇరవయ్యో ఆరోగ్యవంతుడు

మన చెయ్యి మనల్ని తాకబోతోందని మెదడు ముందే కబురు పంపుతుంది కాబట్టి మనకు మనం చక్కిలిగింత పెట్టుకోలేం. స్కిజోఫ్రీనియా రోగుల్లో ఆ కబురు దారి తప్పుతుంది, అందుకే కొందరు పెట్టుకోగలరు. ఇంత తెలిసిన మానసిక వైద్యుణ్ణి నేను, ట్యునీస్‌లో దీన్ని పరీక్షించే ప్రయోగంలో రోగులతో పోల్చడానికి ఇరవయ్యో ఆరోగ్యవంతుడు దొరక్క జాబితాలో నా పేరే రాసుకున్నాను. ఈకతో గీసుకుంటే ఏమీ అనిపించలేదు, పూర్ణారోగ్యమే! డాక్టర్ మిత్రుడు నాకు రాసిచ్చిన డిప్రెషన్ మాత్రలు మాత్రం సొరుగులో విప్పకుండా ఉన్నాయి.

పదేళ్లుగా లేని గొంతులు వింటున్న నా రోగి లజ్‌హర్ తన అరచేతిని తానే గీసుకుని పకపకా నవ్వాడు.

“ఇప్పుడు మీ వంతు డాక్టర్.”

“నాదెప్పుడో అయింది. ఇరవయ్యో ఆరోగ్యవంతుణ్ణి.”

“మీరే గీసుకుంటే ఏం తెలుస్తుంది? ఇలా ఇవ్వండి చెయ్యి.”

ఇక్కడి మగవాళ్ళ అలవాటు ప్రకారం చెవి వెనక పెట్టుకున్న మల్లెల గుత్తి తీసి నా అరచేతిలో, తర్వాత మెడ మీద ఆడించాడు. నేను మర్యాదకు నవ్వాను.

“అది నవ్వు కాదు, ఫొటోకి పెట్టే మొహం” అంటూ గుత్తిని నా ముక్కు కింద పెట్టాడు. “వాసనైనా తెలుస్తోందా?”

“లేదు” అన్నాను. నెలలుగా నా భార్యకు చెప్పని మాట.

“బావుంది! గొంతులు వినేవాణ్ణి, నేను రోగిని. ముక్కు కింద మల్లెలు తెలియని మీరు ఆరోగ్యవంతులు! ఆ జాబితా రాసిన మహానుభావుడెవరు?”

“నేనే.”

లజ్‌హర్ గుత్తిని మళ్ళీ చెవి వెనక పెట్టుకునేలోగా, కలం తీసి నా పేరు కొట్టేశాను.