రెండో డబ్బా

"చూడన్నయ్యా, కంపెనీ బ్రేక్ ప్యాడ్లు! ఆన్‌లైన్లో సగం ధరకే కొట్టేశా." మా తోడల్లుడు డబ్బా తెచ్చి నా షెడ్డులో బల్లమీద పెట్టాడు.

ఒకటి తీసి అంచుని స్క్రూడ్రైవర్‌తో గీకాను. మెత్తబడ్డ బిస్కెట్‌లా పొడిపొడిగా రాలింది. నకిలీ సరుకు.

నా కడుపు చల్లబడింది. "మా చెల్లెలి మొగుణ్ణి చూసి నేర్చుకోండి" అని మా ఆవిడ పదేళ్లుగా సాధిస్తోంది. ఆదివారం భోజనాల దగ్గర అందరి ముందూ దీన్ని పళ్లెంలో పొడి చేసి చూపిస్తాను.

"బాగున్నాయి. ఇక్కడే ఉండనీ, ఆదివారం తర్వాత బిగిస్తా," అన్నాను.

"హమ్మయ్య! తిడతావేమోనని భయపడ్డా. మన రెండు కార్లూ ఒకే మోడల్ కదా, రెండు డబ్బాలు తెప్పించాన్లే. రెండోది వదిన తీసుకుంది."

"మా ఆవిడా?"

"ఆఁ. బ్రేకులు కీచుమంటున్నా మెకానిక్ మొగుడు పట్టించుకోడంటూ, పొద్దున్నే మా వీధి షాపులో వేయించుకుంది."

స్క్రూడ్రైవర్ కింద పడింది. ఫోన్ తీశాను.

"ఎక్కడున్నావ్?"

"కొండమీద బంకులో. పెట్రోలు కొట్టించా, పిల్లలు ఎక్కారు. ఇక దిగడమే."

"కారు కదపకు! ఆ ప్యాడ్లు నకిలీవి."

తోడల్లుడు డబ్బాలోంచి ఒకటి తీసి గోటితో గీకి చూశాడు.

అవతల మా ఆవిడ నవ్వింది. "మా మరిది కొన్నవి కదా, అందుకే నకిలీవి. ఆయనంటే మీకెంత కుళ్లండీ!"

పదేళ్లుగా కాదని వాదించిన మాట అది.

"అవునే, కుళ్లే. పదేళ్లుగా కుళ్లుకు ఛస్తున్నా. నీకు దండం పెడతా, పిల్లల్ని దించు."