ఇంజిన్ లేనివాళ్ళు

“గాలిపటాలన్నీ పక్కకి తప్పుకోండి. నేను దిగుతున్నా!”

రేడియోలో షావుకారు కేక విని హాల్లో ఉన్న పైలట్లంతా నవ్వారు. ఎప్పుడూ గరగరలాడే గొంతు ఈసారి గంట కొట్టినట్టు వినిపించింది.

“కొత్త రేడియో బిగించినట్టున్నాడు” అన్నాడు పళ్ళ డాక్టరు. ఆ చిన్న విమానాల మైదానం క్లబ్బుకి ఆయనే అధ్యక్షుడు. ఎండ కొడుతోందని కిటికీ తెరలు వేయించి, కాసేపట్లో మొదలయ్యే మీటింగుకి కుర్చీలు సర్దిస్తున్నాడు.

గాలిపటాలంటే గ్లైడర్లు. వాటికి ఇంజిన్ ఉండదు. ఎండకి వేడెక్కి పైకి లేచే గాలిని పట్టుకుని తిరుగుతాయి, గాలి చాలకపోతే దిగిపోతాయి. షావుకారు దృష్టిలో అవి విమానాలే కావు, విమానం కొనలేనివాళ్ళ వేషాలు. పైపుల వ్యాపారంలో ఊళ్ళో పోటీ అన్నది లేకుండా చేసుకున్న మనిషి. ఎవరికి దారిచ్చినా ఆయన లెక్కలో అది నష్టమే.

మైదానానికి ఒక పాత రూలుంది. ఇంజిన్ లేనిదానికే ముందు దారి. ఇంజిన్ ఉన్నవాడు కావాలంటే మళ్ళీ పైకి లేచి, ఇంకో చుట్టు తిరిగి రాగలడు. లేనివాడికి దిగే అవకాశం ఒక్కటే.

ఆ రూలు కొట్టేయాలని షావుకారు తీర్మానం పెట్టాడు. గ్లైడర్లు ఎగరాలంటే తెల్లవారగానే, విమానాలు లేవకముందే ఎగిరి దిగిపోవాలట. ఆ వేళప్పుడు వేడిగాలి ఉండదు. అంటే గ్లైడర్లవాళ్ళు మూటాముల్లే సర్దుకోవలసిందే. ఓటింగు ఇవాళే.

బయట, గ్లైడర్లవాళ్ళలో పెద్దదైన నర్సమ్మ నడుపుతున్న గ్లైడరు అప్పటికే నేలకి దగ్గరపడింది. ఎదురుగా రన్‌వే. పక్కకి తిరిగి చూస్తే కొండవైపు నుంచి షావుకారు విమానం అడ్డంగా దూసుకొస్తోంది. దిగేముందు అందరూ మైదానం చుట్టూ తిరిగి వరసలోకి రావాలి. ఆయన తిరగలేదు. వరసలో నిలబడడం ఆయన ఏ కొట్టు ముందూ ఎరగడు.

నర్సమ్మ రన్‌వే వదిలేసి, పక్కనున్న రాళ్ళనేల మీద దింపింది. గ్లైడరు పొట్ట గీసుకుపోయింది. వెనక వస్తున్న ఆమె తమ్ముడూ, మరిదీ తమ గ్లైడర్లని దూరంగా తప్పించి, కాసేపాగి గడ్డిలో దింపుకున్నారు.

షావుకారు తన విమానాన్ని రన్‌వే మధ్యలోనే వదిలేసి కిందికి దిగాడు. షెడ్డు దాకా నడిపించుకుపోయే ఓపిక కూడా లేదు దొరగారికి. ముగ్గురూ దగ్గరికి రాగానే కసిరాడు.

“అలా గుడ్లప్పగించి చూస్తారేంటి? షెడ్డు దాకా తొయ్యండి. తోసి తోసి అలవాటేగా మీకు!”

మరిది ఏదో అనబోయాడు. నర్సమ్మ కళ్ళతోనే వారించింది. ముగ్గురూ తోశారు.

షావుకారు మెడ తుడుచుకుంటూ హాల్లోకొచ్చి రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగాడు. డాక్టరు వైపు తిరిగాడు.

“చూశారా డాక్టరుగారూ! ఒక్క కేకేస్తే ముగ్గురూ పిల్లికూనల్లా పక్కకి పోయారు. ఇలాంటోళ్ళకి నేను దారివ్వాలంట! ఇంజిన్ పెట్టుకునే తాహతు లేనోళ్ళకి ఆకాశమెందుకండీ? డాబా ఎక్కి గొడుగు పట్టుకుని దూకమనండి, సరిపోద్ది!”

హాలు గొల్లుమంది.

వెనక బెంచీ మీద తమ్ముడు నర్సమ్మ మోచేతిని పొడిచాడు. “అక్కా, ఇంకా ఎంతసేపు పడతాం?”

“ఆగరా. ఆయన్ని పూర్తిగా మాట్లాడనీ.”

“ఏమ్మా నర్సమ్మా,” అన్నాడు డాక్టరు, “రూలున్నా ఇవాళ మీరే తప్పుకున్నారు కదా. ఇక అది తీసేస్తే మీకు పోయేదేముంది?”

“రూలు ప్రకారమే తప్పుకున్నాం డాక్టరుగారూ.”

షావుకారు బల్ల చరిచి నవ్వాడు. “విన్నారా? తమ నెత్తిన పెట్టుకున్న రూలే సరిగ్గా తెలీదు ఈవిడకి! ఇక దానివల్ల ఎవరికి లాభం? కానివ్వండి, చేతులెత్తించండి.”

డాక్టరు కళ్ళజోడు సవరించుకున్నాడు. ముందు వరసలో అప్పుడే సగం చేతులు లేచాయి. “అది కాదమ్మా, రూలు ప్రకారమైతే ఆయన కదా మీకు దారివ్వాలి?”

నర్సమ్మ లేచి నిలబడింది.

“ఇంజిన్ లేనిదానికే ముందు దారి కదండీ, కొండ దగ్గర ఈయన విమానం ముక్కు మీది ఫ్యాను ఆగిపోవడం చూసే మేం తప్పుకున్నాం.”