తడి సబ్బు

పగలంతా ఊరివాళ్ళ కళ్ళకు అద్దాలు అరగదీసే ఆవిడ, రాత్రయితే తన చెవుల్లో హత్యలు పెట్టుకునేది. నిజంగా జరిగిన నేరాల కథలంటే చెవి కోసుకునేది. ఆ రాత్రి తాళం తీసి, తానొక్కతే ఉండే వాటాలోకి వచ్చేసరికి ఫోనులో అక్క దెప్పుతోంది.

"పడుకునే ముందు శవాల్ని తలుచుకుంటారటే ఎవరైనా?"

"హతులే నా హితులక్కా! పాపం, వాళ్ళెక్కడ పొరబడ్డారో తెలిస్తే నేనక్కడ పొరబడను కదా. అది పిచ్చి కాదు, ట్యూషను."

అక్క పకపకా నవ్వింది. ఆవిడ కుళాయి తిప్పి, చేతులకంటిన అద్దాల పొడి కడుక్కుందామని సబ్బు అందుకుంది.

సబ్బు తడిగా ఉంది.

పొద్దున తొమ్మిదింటికి వాడిన సబ్బు అది. దాని మీద నురగ ఇంకా ఆరలేదు.

విన్న కథలన్నిటిలోనూ ఆడవాళ్ళు సరిగ్గా ఇక్కడే 'ఛ, నా భ్రమ' అనుకున్నారు. ఆవిడ అనుకోలేదు. తలుపు వెనక్కి తొంగి చూడనూ లేదు.

"అయ్యో అక్కా, పాలు మర్చిపోయాను. కిందికెళ్ళి తెచ్చుకుంటా," అంది గొంతు వణక్కుండా.

అక్క నవ్వు ఠక్కున ఆగింది. చెల్లెలు బుద్ధెరిగాక పాలు ముట్టలేదు.

"ఫోను పెట్టకు," అంది అక్క మెల్లగా. "మాట్లాడుతూనే నడువు. చెప్పులు వెతక్కు."

కుళాయి అలాగే వదిలేసి, ఆవిడ వట్టికాళ్ళతో మెట్లు దిగింది. తెరిచి ఉన్న తలుపులోంచి నీళ్ళ చప్పుడు వెంట వస్తూనే ఉంది.

రెండో మలుపు దగ్గర ఆ చప్పుడు సన్నబడింది. పైన ఎవరో కుళాయి కట్టేస్తున్నారు, తొందరేమీ లేనట్టు.