సైలెన్సర్

"ఇంకొక్కసారి తొక్కు, బార్ట్. మూడు వేల దగ్గర పట్టి ఉంచు."

మెకానిక్ బార్ట్ యాక్సిలరేటర్ తొక్కాడు. షెడ్డు రేకులు అదిరాయి. మెర్విన్ టాలిస్ తన ఆకుపచ్చ రెండు సీట్ల కారు వెనుక చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. కొత్త సైలెన్సర్ గొంతు విప్పింది. గాలి పీల్చే కొత్త గొట్టం దానికి శ్రుతి కలిపింది. అయితే ఆ నాదం అడుగున, బీటవారిన గిన్నెకు గరిటె తగిలినట్లు, ఒక చిన్న జీర ఉంది.

"వినపడిందా?"

"నాకేం వినపళ్ళేదు. పులిలా ఉంది."

"నీ చెవుల్లో గ్రీజు పేరుకుంది. ఆ పక్కింటివాడి బండిలో ఈ జీర లేదు!"

"ఇద్దరికీ గొట్టం ఒకటే, ఫిల్టర్ ఒకటే. రెండూ నేనే తెప్పించా. బిగించుకోవడం మాత్రం అతను ఇంటి దగ్గరే చేసుకున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడి అడుగు, చూపిస్తాడు."

"అడగాలా? నేనా?" అన్నాడు మెర్విన్.

మిల్డ్యూరా ఊరి స్పోర్ట్స్ కార్ల సంఘం ఏటా నది ఒడ్డున జరిపే పోటీలో, ఉత్తమ ఇంజను నాదానికిచ్చే కప్పు పదకొండేళ్ళపాటు మెర్విన్ ఇంట్లోనే ఉండేది. ద్రాక్షతోట అమ్మేసి నిరుడు పక్కింట్లో దిగిన ద్రాగో, ఒక పసుపుపచ్చ కారుతో వచ్చి దానిని ఎత్తుకుపోయాడు. ఆనాడు బహుమతి ప్రదానం వరకు మెర్విన్ ఆగలేదు. ఆ తరువాత సంఘం గుమ్మం తొక్కలేదు. అలమరలో కప్పు ఉండిన చోట దుమ్ములో గుండ్రటి గుర్తు మిగిలింది. దానిని తుడవనివ్వలేదు. ఈ ఆదివారమే మళ్ళీ పోటీ.

ఇంటికి వచ్చేసరికి భార్య నోలీన్ పక్కింటి నుంచి ఖాళీ పళ్ళెంతో వస్తున్నది.

"లామింగ్టన్ కేకులు ఇచ్చొచ్చా. నేవెంకా వాళ్ళాయన గురించి ఒక సంగతి చెప్పింది, మెర్వ్..."

"ఆ మనిషి ఊసు ఈ ఇంట్లో ఎత్తకు."

"పూర్తిగా వినవేం?"

"ఏడాదిగా చూస్తున్నా. కంచె ఇవతలి నుంచి ఎన్నిసార్లు పలకరించాను! వంచిన తల ఎత్తితే ఒట్టు. రోడ్డు మీద ఎదురైతే మాత్రం స్టీరింగు మీంచి వేలెత్తి నవ్వుతాడు. నలుగురూ చూస్తారుగా! ఎంత నటన!"

"నీ సైలెన్సర్ కన్నా నీ కుళ్ళే ఎక్కువ మోగుతోంది," అని నోలీన్ లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం ఉదయం మెర్విన్ గులాబీ మొక్కలకు నీళ్ళు పెట్టే మిషతో కంచె సందులోంచి చూశాడు. ద్రాగో భార్య నేవెంకా పసుపు కారులో కూర్చుని ఉన్నది. ద్రాగో వేలెత్తగానే ఆమె యాక్సిలరేటర్ తొక్కింది. అతడు కళ్ళు మూసుకుని, డిక్కీ మీద అరచేయి పరిచి, గుర్రం వీపు నిమిరినట్లు నిలబడ్డాడు. తల అడ్డంగా ఊపి, కారు కిందికి దూరి, సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బరును ఏదో సవరించాడు. మళ్ళీ అరచేయి. మళ్ళీ కిందికి. మూడవసారి అతని ముఖం వెలిగింది.

"వేషాలు!" అనుకున్నాడు మెర్విన్. అయినా పది నిమిషాల తరువాత తన షెడ్డు తలుపు వేసుకుని, ఇంజను ఆన్ చేసి, తానూ అరచేయి పెట్టాడు. తొందరలో డిక్కీ మీద గాక కాలుతున్న సైలెన్సర్ గొట్టం మీదే పెట్టాడు.

"పూజారి పని కొత్తగా మొదలెట్టావా, హారతి కళ్ళకద్దుకోకుండా చేత్తో పట్టుకున్నావు?" అంటూ నోలీన్ చేతికి కట్టు కట్టింది.

ఆదివారం నది ఒడ్డున పసుపు కారు వంతు ముందుగా వచ్చింది. న్యాయనిర్ణేతలు వీపు తిప్పి నిలబడి విన్నారు. తేనె పోసినట్లు, ఎక్కడా జీర లేని నాదం. జనం చప్పట్లు కొట్టారు. మెర్విన్ వంతుకు ఇంకా అరగంట ఉన్నది. అతడు విసవిసా వెళ్ళి ద్రాగో ముఖానికి ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడ్డాడు.

"గొట్టం ఒకటే, ఫిల్టర్ ఒకటే! నీ బండిలో ఉన్నదేమిటి, నా బండిలో లేనిదేమిటి?"

ద్రాగో అతని పెదవుల వంక తదేకంగా చూశాడు. తరువాత కట్టుకట్టిన చేతిని చూశాడు. చిరునవ్వు నవ్వి, మెర్విన్ రెండవ చేతిని పట్టుకుని తన డిక్కీ మీద పరిచాడు. నేవెంకా యాక్సిలరేటర్ తొక్కింది. అరచేతి కింద వణుకు నదిలా నున్నగా సాగింది.

ద్రాగో పానా తీసుకుని నేరుగా ఆకుపచ్చ కారు దగ్గరకు నడిచాడు. ఇంజను ఆన్ చేయమని సైగ చేసి అరచేయి పెట్టాడు. కనుబొమలు ముడిచాడు. కిందికి దూరి ఒక బోల్టు అర చుట్టు వదులు చేసి, రబ్బరును పక్కకు జరిపి లేచాడు.

మెర్విన్ యాక్సిలరేటర్ తొక్కాడు. జీర లేదు. రెండు నెలలుగా తనను నిద్రపోనివ్వని జీర మాయమైంది.

అతడు ఇంజను ఆపాడు. కారు దిగి ద్రాగో ఎదుట నిలబడ్డాడు.

"ఎందుకు చేశావయ్యా ఇది? కప్పు నాకొచ్చేస్తుందిగా! నీకేం కావాలి చెప్పు, ఏదైనా ఇస్తా."

ద్రాగో జేబులోంచి చిన్న పుస్తకం, పెన్సిలు తీసి, ఒక వాక్యం రాసి, పెన్సిలుతో సహా మెర్విన్ చేతిలో పెట్టాడు.

"నా బండి ఎలా మోగుతుందో రాసివ్వండి, నేనెప్పుడూ వినలేదు."