పెరుగు తేటలో నానేసింది

“పెరుగు తేటలో నానేసిన ఒంటెతోలు ఏదమ్మా?” గుడారమంతా గాలిస్తూ అడిగాడు గొంబో. ఎల్లుండే విలుకాళ్ల పోటీ. ఆ తోలు పేనితేనే అతని వింటికి నారి.

“తోలా! ఎండుమాంసం అనుకున్నానురా,” అంది చూపు సరిగా ఆనని తల్లి. “చారులో వేసేశాను.”

పొయ్యి పక్కన, పోటీలో అతనికి ఎదురు నిలవబోయే లువ్సన్ ఇందాకటి నుంచి ఒకటే ముక్క నములుతున్నాడు.

“కావాలనే తిన్నావు! నా నారి మీద కన్నేసే వచ్చావు!” గొంబో మండిపడ్డాడు.

“పెద్దమ్మ పెడితే వద్దంటానా?” లువ్సన్ దవడ పట్టుకున్నాడు. “ఇది మూడో గిన్నె.”

“తోలని తెలియలేదూ?”

“మొదటి ముక్కకే తెలిసింది. ఎలా ఉంది నాయనా అని అడిగింది. బావుందన్నాను. మళ్లీ వడ్డించింది.”



లువ్సన్ చొక్కాలోంచి చుట్టచుట్టిన తన నారి తీసి గొంబోకి చాపాడు. “ఇద్దరం దీంతోనే వేద్దాం. ముందు నువ్వే వెయ్యి.”

గొంబో చెయ్యి చాపేలోగా ముసలామె దాన్ని లాక్కుంది.

“ఆగండి నాయనా, ఈసారి మెత్తగా ఉడికిస్తాను.”